స్పీకరు వెనక బెజ్జం

మా ఇంట్లో ఒక స్పీకరు ఉంది. చంకలో పెట్టుకుని పోగలిగినంతది, నల్లది. వెనక రబ్బరు మూత లాగితే దాని కింద మూడు దారులుంటాయి. ఒకటి ఛార్జింగు పెట్టేది. ఒకటి మెమరీ కార్డు దూర్చే సన్నటి చీలిక. మూడోది గుండ్రటి బెజ్జం, పెన్సిలు పట్టేంత కూడా ఉండదు. మొదటి రెండింటి సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. మూడోదాన్ని చూడగానే దాని సంగతి కూడా తెలిసిపోయిందనుకున్నాం. అసలు గోలంతా అక్కడే వచ్చింది. తెలియదనుకుని ఉంటే ఎవరినైనా అడిగేవాళ్ళం.

మా నాయన పలకల ఫ్యాక్టరీ మనిషి. మార్కాపురంలో రాయి కోసే మిషన్ల దగ్గర జీవితమంతా గడిపాడు. ఆ రంపం రాయిలోకి దిగేటప్పుడు వచ్చే శబ్దం మా వీధి దాకా వినపడేది, దాని పక్కన నిలబడ్డవాడికి ఎట్లా ఉండేదో ఊహించుకోవలసిందే. చెవుల్లో దూది పెట్టుకోవడం ఆ రోజుల్లో నామోషీ. పని మానేసేనాటికి ఆయన చెవులు సగానికి సగం దెబ్బతిన్నాయి. ఒంగోలు తీసుకెళ్ళి చూపిస్తే, నరం పాడైందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కూడా నెమ్మదిగా తగ్గుతుందనీ, ఏదో ఒకరోజు పూర్తిగా పోయినా కంగారు పడొద్దనీ డాక్టరు చెప్పాడు. ఆ చివరి మాట మాత్రం ఆయనకు స్పష్టంగా వినిపించినట్టుంది. చెవి మిషను పెట్టించాం. అది కూతలు పెట్టేది, గిన్నెల చప్పుడూ మనిషి మాటా కలగలిపి లోపలికి కుమ్మరించేది. ఆయన దాన్ని జేబురుమాల్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. మళ్ళీ తీయలేదు.

అమ్మ పోయాక ఆయన్ని నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేనొక్కదాన్నే సంతానం. కూతురింట్లో ఉండడం ఆయనకు ఎప్పుడూ మింగుడు పడలేదు. కూరలో ఉప్పు తక్కువైనా అడగడు. ఫ్యాను వేయమనడు. అల్లుడు తెచ్చింది ఏదైనా సరే బాగుందనే అంటాడు. బిగుతైన చొక్కా తెచ్చినా బాగుందన్నాడు, పుచ్చిన బత్తాయిలు తెచ్చినా బాగున్నాయన్నాడు. మా ఆయనకేమో మామ మెచ్చుకున్నాడని సంబరం. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారని నేను విసుక్కునేదాన్ని. అప్పట్లో నాకది నవ్వులాటగానే ఉండేది.

నాయనకు ఉన్న పిచ్చల్లా ఒక్కటే, నాటకాల పద్యాలు. వయసులో ఉండగా నాటకం ఎక్కడ ఆడినా సైకిలు తొక్కుకుంటూ పోయేవాడట. మా ఇంటికి వచ్చాక ఫోనులో పద్యాలు పెట్టుకుని, ఫోనుని చెవికి అదిమి పట్టుకుని, మెడ వంచుకుని కూర్చునేవాడు. ఆ మెడ చూడలేక మా ఆయన ఈ స్పీకరు కొన్నాడు. బజారులో సెల్‌ఫోన్ల దుకాణంలోనే ఒక మెమరీ కార్డు నిండా పద్యాలు ఎక్కించి తెచ్చాడు.

దాన్ని మొదటిరోజు పెట్టినప్పుడు నాయన కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు. మనిషి ఎదురుగా కూర్చున్నట్టే. కాసేపటికి నా వైపు తిరిగి, "హార్మోనీ గాలి పీల్చేది గూడా ఇనపడతాందమ్మా" అన్నాడు. ఆ తర్వాత తనే అందుకున్నాడు. పద్యం కంటే ముందే రాగం తీసేవాడు. గొంతు అరిగిపోయింది గాని తాళం తప్పేది కాదు. అమ్మ పోయాక ఆయన పాడడం అదే మొదటిసారి. నేను వంటింట్లో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకున్న మాట నిజం.

ఆ స్పీకరు వల్ల ఇంకొక మేలు కూడా జరిగింది. నాయనకు ఒక్కతే చెల్లెలు, మా మేనత్త. గిద్దలూరులో కొడుకు దగ్గర ఉండేది. కాళ్ళు పడిపోయి మంచం మీదే. ఈయన చెవుడు వల్ల అన్నాచెల్లెళ్ళు ఫోనులో మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. ఆమె చెప్పింది నేను విని, ఈయన చెవి దగ్గర అరిచి చెప్పేదాన్ని. అందులో సగం నా విసుగే వినపడేది. స్పీకరు వచ్చాక ఫోనును తీగ లేకుండానే, బ్లూటూతు మీద దానికి కలిపితే అత్త గొంతు ఇల్లంతా వినిపించింది. ఆ రోజు ఇద్దరూ అన్నా అనీ, చెల్లీ అనీ పిలుచుకుంటూనే కూర్చున్నారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోను వచ్చేది. కంభం చెరువు గట్టు మీద గేదెలు తోలిన రోజుల నుంచి మొదలుపెట్టేవాళ్ళు. ఫలానా పద్యంలో ఫలానా మాట ఇది కాదు అది అని కొట్లాడుకునేవాళ్ళు. చివర్లో ఆమె తప్పకుండా ఒక పద్యం పాడమనేది. ఈయన స్పీకరు మీదికి వంగి పాడేవాడు. అయిపోయాక అటువైపు నుంచి ఆమె ముక్కు ఎగబీల్చడం కూడా మాకు వినిపించేది.

అంతా బాగానే ఉంది గాని, మా ఇంట్లో పగలే రాత్రి. మా ఆయన బస్సు డ్రైవరు. శ్రీశైలం రూటు. మధ్యాహ్నం బండెక్కితే రాత్రి కొండ మీదే పడక, తెల్లారి దోర్నాల మీదుగా దిగి పదిగంటలకల్లా ఇంటికొస్తాడు. నాలుగు మెతుకులు తిని పడుకుంటాడు. ఆయన పడుకునే వేళకే నాయన పద్యాలు మొదలు. చెవుడు ఉన్న మనిషికి వినపడేంత గట్టిగా పెడితే చెవులున్నవాళ్ళ గతి ఏమిటో చెప్పక్కర్లేదు. మా ఆయన దిండు తల మీద పెట్టుకుని పడుకునేవాడే తప్ప ఒక్కనాడు కూడా నోరు తెరవలేదు. అయితే ఒకరోజు ఇంటికి రాగానే కుర్చీలో కూలబడి, ఘాటు రోడ్డులో మలుపు దగ్గర రెప్ప పడిందని నెమ్మదిగా చెప్పాడు. ఆ ఘాటు నాకు తెలుసు. ఒకవైపంతా లోయే.

వెళ్ళి నాయనతో చెప్పాను, సౌండు తగ్గించుకోమని. నేను చెప్పే తీరు ఎప్పుడూ కాస్త దురుసు. ఆయన మారుమాట లేకుండా స్పీకరు ఆపేశాడు. తగ్గించలేదు, ఆపేశాడు. ఆ తర్వాత ఎంత బతిమాలినా మళ్ళీ పెట్టలేదు. ఆదివారం అత్త ఫోను వస్తే తప్ప దాని జోలికి పోలేదు. ఒట్టి చేతులతో వసారాలో కూర్చున్న మామను చూసి మా ఆయన నా మీద కోప్పడ్డాడు. ఎవరు చెప్పమన్నారు నిన్ను అన్నాడు. మర్నాడు డ్యూటీ దిగి వస్తూ బజారులో హెడ్‌సెట్టు కొనుక్కొచ్చాడు. చెవుల్ని మొత్తం కప్పేసే పెద్దది, మెత్తటి గిన్నెలున్నది, తీగ ఉన్నది.

దాని పిన్ను పట్టే బెజ్జం కోసం స్పీకరు వెనక్కి తిప్పాం. గుండ్రటిది ఒక్కటే ఉంది, వెతుక్కునే పనే లేదు. దాని పక్కన నలుపు మీద నలుపుగా ఏవో అక్షరాలు పొంగి ఉన్నాయి. నాయన కళ్ళజోడు పెట్టుకుని వేలితో తడిమాడు. విదేశాలకు పోయే పలకల పెట్టెల మీద ఇంగ్లీషు అక్షరాలు అచ్చులు వేసీ వేసీ ఆయనకు అక్షరాలు వచ్చు. అర్థం మాత్రం తెలియదు. ఎ, యు, ఎక్స్ అని కూడబలుక్కుని అక్కడ ఆగాడు. పక్కనున్న రెండో మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం విచ్చుకుంది.

"ఇన్ను అని రాసినాడు జూడమ్మా. ఇను అంటాన్నాడు. నాలాంటి చెవిటోని కోసమే పెట్టినట్టుండాడు ఈ బెజ్జం" అన్నాడు.

మా వైపు వినడాన్ని ఇనడం అంటాం. పుస్తకాల్లో 'విను' అని రాసేవాళ్ళం కూడా నోటితో 'ఇను' అనే అంటాం. అందుకని ముగ్గురం పగలబడి నవ్వాం. ఇంగ్లీషువాడు మార్కాపురం భాష ఎప్పుడు నేర్చుకున్నాడని మా ఆయన అన్నాడు. నేను పదో తరగతి దాకా చదివాను. ఇన్ అంటే లోపలికి అని నాకు తెలుసు. కానీ ఆ నవ్వులో నాకు ఆ మాట తట్టనే లేదు. తట్టినా, పిన్ను లోపలికి దూర్చమంటున్నాడని అనుకునేదాన్నేమో.

మా ఆయన పద్యం పెట్టి, హెడ్‌సెట్టు నాయన తలకు తగిలించి, పిన్ను ఆ బెజ్జంలో నొక్కాడు. టక్కున ఇంట్లో శబ్దం ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఫోనుకు ఇయర్‌ఫోన్లు పెడితే అంతే కదా, బయటి శబ్దం ఆగిపోయి చెవుల్లోకి పోతుంది. ఇదీ అంతే అనుకున్నాం. ఇంక అనుమానం రావడానికి సందేముంది?

నాయన కాసేపు కదలకుండా కూర్చున్నాడు. నా ముఖం చూశాడు, అల్లుడి ముఖం చూశాడు. ఇద్దరం నవ్వుతూ ఉన్నాం. వినపడుతోందా అని నేను చేత్తో సైగ చేశాను.

"బాగ ఇనపడతాంది. శానా బాగుంది" అన్నాడాయన. తల కూడా ఊపాడు.

ఆ రోజు మా ఆయన సాయంత్రం దాకా నిద్రపోయాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇల్లు ప్రశాంతంగా ఉంది. నాయన మధ్యాహ్నం కాగానే హెడ్‌సెట్టు పెట్టుకుని వసారాలో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఎవరైనా వస్తే, మా నాయన పద్యాలు వింటున్నాడని గొప్పగా చెప్పేదాన్ని. పిన్ను ఆ బెజ్జంలోనే ఉండిపోయింది. ఎవరూ తీయలేదు.

ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కనపడుతున్నాయి. ఆయన పాడడం మానేశాడు. హెడ్‌సెట్టు పెట్టుకున్నవాళ్ళు పాడరులే అనుకున్నాను. బస్టాండు దగ్గర టీ దుకాణంలో పాత ఫ్యాక్టరీ వాళ్ళు కలుస్తారు, అక్కడికి వెళ్ళడం మానేశాడు. ఎండలు కదా అనుకున్నాను. ఇదివరకు వెనకనుంచి పిలిస్తే రెండోసారికో మూడోసారికో తిరిగి చూసేవాడు, ఆ ప్రయత్నం కూడా వదిలేశాడు. ఎదురుగా నిలబడి అరిచినా నా పెదవులే చూసేవాడు. ఒకరోజు స్పీకరు మీద లైటు వెలగడం లేదు. ఛార్జింగు ఎప్పుడు అయిపోయిందో ఏమో, ఈయన మాత్రం కళ్ళు మూసుకుని అట్లాగే కూర్చుని ఉన్నాడు. భుజం తట్టి చూపించి, ఏం వింటున్నావు నాయనా అని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. మనసులో పాడుకుంటున్నా అన్నాడు. అది వేళాకోళమనుకుని మా ఆయనకు కూడా చెప్పి నవ్వించాను.

హెడ్‌సెట్టు వచ్చాక మొదటి ఆదివారం అత్త ఫోను చేసినప్పుడు, నేను మీట నొక్కి ఆయనకు సైగ చేశాను. ఆయన హెడ్‌సెట్టు సరిచేసుకుని రెండుసార్లు 'ఆఁ, ఆఁ' అన్నాడు. తర్వాత దాన్ని తీసేసి, నువ్వే మాట్లాడమ్మా అని లేచి వెళ్ళిపోయాడు. ఫోను చెవికి పెట్టుకుంటే అత్త మాట నాకు నిక్షేపంలా వినపడుతోంది. మరుసటి వారం కూడా అంతే. మూడోవారం ఫోను మోగగానే పెరట్లోకి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. పద్యాలు గంటలకొద్దీ వినపడతాయి గాని సొంత చెల్లెలి మాట మాత్రం వినపడదా అని నిలదీశాను. ఆయన చేతులు కడుక్కుంటూ నా వైపు చూశాడు. పద్యాలు వినపడడం లేదని చెప్పాలంటే అల్లుడు ముచ్చటపడి తెచ్చిన వస్తువు వృథా అయిందని చెప్పాలి. ఆయన ప్రాణం పోయినా ఆ మాట అనడు.

అత్త కొన్ని వారాలు ఓపిక పట్టి, ఒకరోజు అడిగేసింది. "మీ నాయనకు నా మీద కోపమొచ్చిందా పాపా? నేనేమన్నా మాట జారినానా?"

నేను అప్పుడు పొయ్యి దగ్గర ఉన్నాను. పప్పు పొంగుతోంది. పైగా నాయన మీద కోపం. "కోపం లేదు, ఏం లేదత్తా. ఆ పద్యాలు చెవులకు తగిలించుకొని కూచుంటాడు, ఆయనకు ఇంగ మనుషులతో పన్లేదు" అన్నాను.

అత్త నవ్వింది. పోనీలే, సంతోషంగా ఉండాడు గదా అంది. ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి.

వానలు మొదలయ్యే ముందు అత్త పోయింది. కబురు నేనే చెప్పాను, ఆయన ఎదురుగా కూర్చుని. ఆయనకు నా నోటి కదలిక చూడగానే అర్థమైంది. రైల్లో గిద్దలూరు పోయాం. అక్కడ అత్త కొడుకు, నాకు బావ వరస, నన్ను పక్కకు పిలిచి చివరి రోజుల సంగతులు చెప్పాడు. మామకు ఫోను చేద్దామా అని వాళ్ళు అడిగితే ఆమె వద్దందట. ఈ వేళప్పుడు పద్యాలు వింటుంటాడు, మధ్యలో లేపితే చికాకు పడతాడు, తర్వాత చేద్దాంలే అందట. అతను నిష్ఠూరంగా చెప్పలేదు. అమ్మకు అన్నంటే ఎంత ప్రేమో చెప్పడానికే చెప్పాడు. నేను తల దించుకుని విన్నాను. నాయన అత్త కాళ్ళ దగ్గర కూర్చుని పెదవులు కదిలిస్తూ ఏదో చెప్పుకుంటున్నాడు. దూరంగా ఉన్న నాకు ఆ మాటలు వినపడలేదు.

నాయన కర్మలయ్యే దాకా అక్కడే ఉంటానన్నాడు. మా ఆయన డ్యూటీ ఉండడంతో మేమిద్దరం తిరిగొచ్చేశాం.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన లోపల పడుకున్నాడు. నేను వసారాలో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాను. ఇల్లు ఖాళీగా, ఏదో వెలితిగా ఉంది. నాయన వినే పద్యాలు ఒకసారి విందామనిపించింది. మా ఆయన నిద్ర చెడకుండా హెడ్‌సెట్టు తలకు తగిలించుకుని స్పీకరు మీట నొక్కాను. ఏమీ వినపడలేదు. సౌండు పెంచాను. ఏమీ లేదు. పిన్ను గట్టిగా నొక్కాను, తిప్పాను. లేదు. మేము గిద్దలూరులో ఉన్నప్పుడు ఏదో చెడిపోయి ఉంటుందనుకుని పిన్ను పీకేశాను. స్పీకరు నుంచి పద్యం ఒక్కసారిగా ఇల్లదిరేట్టు లేచింది. కంగారుగా ఆపేశాను. అంటే స్పీకరు బాగానే ఉంది. పోయింది హెడ్‌సెట్టు అయి ఉండాలి. పీకిన పిన్నును నా ఫోనుకు పెట్టాను. నాది పాత ఫోను, దానికి ఇంకా ఆ బెజ్జం ఉంది. పాట చెవుల్లో గలగలా పలికింది. హెడ్‌సెట్టూ బాగానే ఉంది. మళ్ళీ స్పీకరుకు పెట్టి మీట నొక్కాను. నిశ్శబ్దం.

చుట్టూ చూశాను. మిరపకాయల సంచి మూతికి ఒక తీగ కట్టి ఉంది. రెండు వైపులా పిన్నులే ఉన్న తీగ అది. స్పీకరు కొన్నప్పుడు డబ్బాలో వచ్చింది. రెండు మొనలకూ పిన్నులుంటే ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాక నేనే దాన్ని సంచికి కట్టాను. ఇప్పుడు విప్పి, ఒక మొన ఫోనుకు, ఒక మొన స్పీకరు వెనక బెజ్జానికి పెట్టాను. ఫోనులో పాట స్పీకరులోంచి వచ్చింది.

ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ బెజ్జం బయటి పాట స్పీకరులోకి వచ్చే దారి. ఫోనులోదో టీవీలోదో తీగ మీద లోపలికి వస్తే, స్పీకరు దాన్ని పెద్దది చేసి పలుకుతుంది. దాంట్లోంచి బయటికి ఏదీ రాదు. పిన్ను పెట్టగానే లోపలి పద్యం ఎందుకు ఆగిపోతుందంటే, బయటినుంచి ఏదో రాబోతోందని స్పీకరు నోరు మూసుకుని ఎదురుచూస్తుంది. అది స్పీకరుకు చెవి. మేము ఆ చెవిని తీసుకెళ్ళి మా నాయన చెవికి ఆనించి, అక్కడ కూర్చోమన్నాం. పిన్ను అందులో ఉన్నన్నాళ్ళూ అత్త ఫోను కూడా స్పీకరులో పలకలేదు. ఆమె మాట నా చేతిలోని ఫోనులోనే ఉండిపోయింది.

నాయన ఏమనుకుని ఉంటాడో నాకు అప్పుడు అర్థమైంది. ఇంట్లో శబ్దం ఆగింది. అంటే పద్యం తన చెవుల్లోకి వచ్చేసింది. అయినా తనకు వినపడడం లేదు. డాక్టరు చెప్పిన రోజు వచ్చేసిందనుకున్నాడు. అదీ మా ఇద్దరి నవ్వు ముఖాల ముందు, ఒక్క క్షణంలో అనుకున్నాడు. అనుకుని, బాగుందని తల ఊపాడు.

మా ఆయన లేచి వచ్చేసరికి నేను మిరపకాయల మధ్య ఏడుస్తున్నాను. ఘాటు అనుకున్నాడు మొదట. చెప్పాక పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. పిన్ను నేనే కదా పెట్టింది అన్నాడు. తర్వాత, ఈ సంగతి మామకు చెప్పొద్దు, కొత్త మిషను తెచ్చామని చెబుదాం, ఇప్పుడు తెలిసి ఆయన ఏం చేసుకుంటాడు అన్నాడు. అది మంచితనంతో అన్న మాటే. కానీ మా నాయన మిషన్ల మధ్య బతికిన మనిషి. ఏ తీగ ఎక్కడ పెట్టామో చూస్తే ఆయనకు చెప్పనక్కర్లేదు. పోనీ ఏమీ చెప్పకుండా ఊరుకుందామా అంటే, వినగలిగిన మనిషిని వినలేనివాడిగా కూర్చోబెట్టి నేను అన్నం ఎట్లా తినేది? వారం పది రోజులు మేము ఈ మాటే అటు తిప్పి ఇటు తిప్పి మాట్లాడుకున్నాం. ఏది చేసినా ఆయనకు మేలు జరిగే దారి కనపడలేదు.

ఆయన వచ్చాడు. గడ్డం మాసి, ఇంకా చిక్కిపోయి ఉన్నాడు. స్నానం చేసి వసారాలో కూర్చుని, అలవాటుగా హెడ్‌సెట్టు కోసం చేయి చాపాడు. నేను పిన్ను ఫోనుకు పెట్టి, పద్యం పెట్టి, దాన్ని ఆయన తలకు తగిలించాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. రెండు చేతులతో హెడ్‌సెట్టు పట్టుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. పద్యం ఎత్తుగడ నడుస్తుండగా ఆయన పెదవులు కదిలాయి, గొంతు సన్నగా రాగం అందుకుంది. సగంలో ఆగిపోయింది. హెడ్‌సెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని, తీగ ఎక్కడికి పోయిందో చూపులతో వెతుక్కుంటూ పోయాడు. ఫోను చూశాడు. స్పీకరు దగ్గరికి తీసుకుని వెనక్కి తిప్పాడు. ఖాళీగా ఉన్న బెజ్జం చుట్టూ గోరుతో గీరాడు.

"అంటే దీంట్లోంచి ఏమీ రాదా?" అన్నాడు.

"రాదు నాయనా. దీంట్లోకి పోయేదే" అన్నాను, ఆయనకు వినపడేట్టు.

"మరి నా చెవులు?"

"అట్లనే ఉండాయి. అప్పుడెంత ఇనపడేదో ఇప్పుడూ అంతే."

తప్పు మాదేనని, మాకూ తెలియలేదని, ఒకసారి నా చెవికి పెట్టుకుని చూసి ఉండాల్సిందని ఏవేవో చెప్పబోయాను. ఆయన వినడం లేదు. వినపడకపోవడం కాదు, వినడం లేదు. వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. లోపల మా ఆయన నిద్రపోకుండా మంచం మీద కదులుతున్న చప్పుడు నాకు తెలుస్తోంది.

నాయన స్పీకరు కింద పెట్టి నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగాడు.

"చెవులు పోయినాయమ్మా, అందుకే నీతో మాట్లాడలేకపోయినా అని చెల్లెలి కాళ్ళకాడ కూచోని చెప్పుకున్నా. చెప్పుకొని కొంచెం మనసు తేలిక చేసుకున్నా. ఇప్పుడు దానికి ఏమని చెప్పాల?"

ఆయన ఒళ్ళో హెడ్‌సెట్టులోంచి పద్యం సన్నగా వస్తూనే ఉంది. ఫోను అందుకుని దాన్ని ఆపాను.